ఫ్లూ మందు: ఆ మొదటి 48 గంటలు

ఫ్లూ జ్వరం వస్తే మన ఇళ్ళల్లో జరిగేది దాదాపు ఒకటే. మొదటి రోజు మిరియాల కషాయం, పారాసిటమాల్. రెండో రోజు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్. అప్పటికీ తగ్గకపోతే మూడో రోజో నాలుగో రోజో డాక్టరు దగ్గరికి. యాంటీబయాటిక్ బాక్టీరియా మీదే పనిచేస్తుంది, ఫ్లూ వైరస్‌ను ఏమీ చేయలేదు. వైరస్ మీద పనిచేసే మందు వేరే ఉంది. మనం డాక్టరును కలిసేసరికి దాని అదను కాస్తా దాటిపోతోంది. నా బాధంతా అదే.

ఆ మందు ఒసెల్టామివిర్. టామిఫ్లూ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

ఫ్లూ వైరస్ మన ముక్కు, గొంతు, శ్వాసనాళాల కణాల మీద ఉండే సియాలిక్ ఆమ్లం అనే చక్కెర పదార్థాన్ని పట్టుకుని లోపలికి దూరుతుంది. లోపల తన నకళ్ళు తయారుచేయించుకుంటుంది. కొత్త వైరస్‌లు బయటికొచ్చేటప్పుడే వాటికి చిక్కు. అదే సియాలిక్ ఆమ్లం వాటిని జిగురులా పట్టేస్తుంది. ఆ పట్టు తెంచుకోవడానికి వైరస్ ఒంటి మీద న్యూరామినిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, కత్తెర లాంటిది. స్వైన్ ఫ్లూ వైరస్‌కున్న హెచ్1ఎన్1 అనే పేరులో 'ఎన్' అదే. ఒసెల్టామివిర్ వెళ్ళి ఆ కత్తెర మధ్యలో ఇరుక్కుంటుంది. ఇక కొత్త వైరస్‌లు పుట్టిన కణానికే అతుక్కుని, ఒకదానికొకటి అంటుకుని అక్కడే ఉండిపోతాయి.

అంటే ఈ మందు వైరస్‌ను చంపదు, పక్క కణాలకు పాకకుండా ఆపుతుంది. ఫ్లూ వైరస్ జ్వరం మొదలైన రెండు మూడు రోజుల్లోనే ఉద్ధృతంగా పెరుగుతుంది. పాకాల్సినంత పాకిపోయాక అడ్డం వేస్తే లాభం తక్కువ. లక్షణాలు కనబడిన 48 గంటల్లోపే మందు మొదలుపెట్టాలనే లెక్క అక్కడి నుంచే వచ్చింది. పెద్దవాళ్ళకు మామూలుగా 75 మిల్లీగ్రాముల క్యాప్సూల్ రోజుకు 2 సార్లు, 5 రోజులు ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఇంకా తక్కువ. అందుకే డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

ఈ మందు పుట్టుకలో మన బిర్యానీలో వేసే అనాస పువ్వుకూ చోటుంది. అందులోని షికిమిక్ ఆమ్లమే దీనికి ముడిసరుకు. 2005లో బర్డ్ ఫ్లూ భయంతో దేశాలన్నీ మందు నిల్వ చేసుకోవడం మొదలుపెట్టాయి. సరఫరా చాలలేదు. ఆ డిసెంబరులో టామిఫ్లూ తయారుచేసే రోష్ కంపెనీ భారత్ కోసం, ఇతర వర్ధమాన దేశాల కోసం ఈ మందు తయారుచేసే లైసెన్సును హైదరాబాద్‌కు చెందిన హెటెరో సంస్థకు ఇచ్చింది. 2009 మేలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా హైదరాబాద్‌లోనే. ముడిసరుకు అందులోనే ఉంది కదా అని అనాస పువ్వు కషాయం తాగితే ఫ్లూ తగ్గదు. షికిమిక్ ఆమ్లం ఎన్నో రసాయన మార్పులు చెందితేనే ఒసెల్టామివిర్ అవుతుంది.

ఇది అద్భుతమైన మందేమీ కాదని కూడా చెప్పాలి. 2014లో, మందుల ప్రయోగాల ఫలితాలను సమీక్షించే కోక్రేన్ సంస్థ పరిశోధకులు ప్రయోగాల సమాచారమంతా తిరగేసి చూస్తే, పెద్దవాళ్ళలో లక్షణాలు తగ్గే సమయం 7 రోజుల నుంచి 6.3 రోజులకు వచ్చింది, అంతే. పైగా కొందరికి వికారం, వాంతులు. ఆరోగ్యంగా ఉన్న పాతికేళ్ళ మనిషి ఇది లేకుండానే విశ్రాంతితో కోలుకుంటాడు.

గర్భిణుల సంగతి వేరు. 65 దాటినవాళ్ళు, రెండేళ్ళలోపు పిల్లలు, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్ళ సంగతీ అంతే. వీళ్ళకు ఫ్లూ న్యుమోనియాగా మారే ప్రమాదం ఎక్కువ. అందుకే ఫ్లూ అని అనుమానం వస్తే, టెస్టు రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంట్లో ఇలాంటివాళ్ళు ఉంటే జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైందో రాసిపెట్టుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. 48 గంటలు దాటిపోయినా ఆయాసం పెరిగి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మందు ఇస్తారు. అంత తీవ్రమైన జబ్బులో వైరస్ ఊపిరితిత్తుల్లో ఇంకా చాలా రోజులు పెరుగుతూ ఉండగలదు.