సైకిల్ మీద పనికి పోయేవారు ఎవరు? ఓరుగల్లు ప్రాంతపు నేపథ్యం

పరకాల చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లవారుజామున సైకిల్ మీద ఎదురుపడిన మనిషిని ఎటు పోతున్నావని అడిగితే "బాయికాడికి" అని జవాబు వస్తుంది. అదే దారి పట్టుకొని భూపాలపల్లి దాకా వెళ్ళి అడిగితే "బాయి మీదికి" అంటారు. మొదటి మనిషి చెప్పింది వ్యవసాయ బావి గురించి. అతని సైకిల్ క్యారియర్‌కు పార కట్టి ఉంటుంది, తిరుగు ప్రయాణంలో పచ్చిగడ్డి మోపు ఎక్కుతుంది. రెండవ మనిషి చెప్పింది సింగరేణి బొగ్గు గని గురించి; అతని హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడుతుంది. ఇద్దరూ బతుకుదెరువు కోసమే సైకిల్ తొక్కుతున్నారు, ఇద్దరి కిందా ఉన్నది అదే పాత నల్ల సైకిల్. అయినా మన జనగణనలో ఒకరు సైకిల్ మీద పనికి వెళ్ళేవారిగా నమోదయ్యారు, మరొకరు కాలేదు.

ఈ తేడా ఎలా వచ్చిందో తెలియకుండా, సైకిల్ మీద పనికి పోయేవారు ఏం చేసి బతుకుతున్నారన్న ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. 2011 జనగణన పనిచేసేవారిని నాలుగు తరగతులుగా విడదీసింది: సాగుదారులు, వ్యవసాయ కూలీలు, కుటుంబ పరిశ్రమలో పనిచేసేవారు, వీరెవరూ కాని ఇతర పనివారు. ఇంటి నుంచి పనిచోటు ఎంత దూరం, అక్కడికి దేని మీద వెళతారు అన్న ప్రశ్నను చివరి తరగతి వారిని మాత్రమే అడిగారు. దేశం మొత్తం మీద సుమారు 20 కోట్ల మంది ఉన్న ఆ తరగతిలో నూటికి దాదాపు 13 మంది సైకిల్ మీద వెళుతున్నట్టు తేలింది. గని కార్మికుడు, సుతారి, కాపలాదారు, గుమాస్తా ఆ లెక్కలో ఉన్నారు. పొలానికి సైకిల్ మీద పోయే రైతుకు, ఊరి నుంచి ఊరికి నాట్లకో కోతలకో సైకిల్ మీద పోయే కూలీకి ఆ ప్రశ్నే ఎదురుకాలేదు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల ఇంతకాలంగా మనం ఆధారపడుతున్నది ఈ పాత, అసంపూర్ణమైన లెక్క మీదనే. పైగా 2011 నాటి ఉమ్మడి వరంగల్ జిల్లా 2016 తర్వాత పలు జిల్లాలుగా విడిపోయింది.

నగరంలో సైకిల్ దారుల ఆలోచన మొదలైంది కూడా ఈ పదేళ్ళలోనే. 2016లో స్మార్ట్ సిటీ పథకానికి ఎంపికైన వరంగల్, 2020లో కేంద్రం ప్రారంభించిన సైకిల్స్ ఫర్ చేంజ్ పోటీలో పాల్గొని, ముందు వరుసలో నిలిచిన 11 నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. ఆ పోటీ కరోనా కాలంలో పుట్టినందువల్ల సైకిల్‌ను ప్రధానంగా ఆరోగ్యానికీ, కాలుష్యం తగ్గించడానికీ సాధనంగా చూసింది. ఆ చూపును తప్పు పట్టవలసిన పని లేదు. అయితే ఓరుగల్లులో సైకిల్ ఉదయపు వ్యాయామంగా మొదలైన వస్తువు కాదు. ఎనభై తొంభై ఏళ్ళుగా ఇక్కడ ఏ వృత్తి ఎటు కదిలితే సైకిల్ అటు కదిలింది. ఆ కదలికను గుర్తించకుండా సైకిల్ దారి కోసం రోడ్డు మీద గీసే గీత ఎవరికోసమో గీసినట్టు అవుతుందన్నదే ఈ కథనం రాయడానికి కారణం.

1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా వరకు రైలు మార్గం పూర్తయి, మద్రాసు నుంచి ఢిల్లీకి వెళ్ళే బండ్లు ఇటు మీదుగా నడవడం మొదలైంది. 1934లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో వరంగల్‌లో ఆజం జాహీ బట్టల మిల్లు వెలిసింది. ఈ రెండింటితో గడియారం ప్రకారం పనికి హాజరు కావలసిన మనుషులు ఇక్కడ మొదటిసారి వేల సంఖ్యలో తయారయ్యారు. పొద్దు చూసుకొని పొలానికి పోయేవాడికి పది నిమిషాల ఆలస్యంతో పోయేదేమీ లేదు, మిల్లు గేటు ముందు నిలబడ్డవాడికి మాత్రం ఆ పది నిమిషాలకు సగం రోజు కూలి పోవచ్చు. మిల్లు కార్మికులు కరీమాబాద్, ఉర్సు, శివనగర్, రంగశాయిపేటల్లో ఉండేవారు. రైల్వే వారు కాజీపేట క్వార్టర్లలోనూ, ఆ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉండేవారు. మొదట్లో ఎక్కువమంది నడిచే వచ్చారు, ఎందుకంటే అప్పటి సైకిళ్ళు ఇంగ్లండు నుంచి దిగుమతి అయ్యేవి, వాటి ధర కార్మికుడికి అందేది కాదు. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ ఏర్పడిన తర్వాతే ఆ వస్తువు నెల జీతగాడి చేతికి వచ్చింది. కొనలేనివారికి సైకిల్ టాక్సీ దుకాణాలు గంటల లెక్కన అద్దెకు ఇచ్చేవి. రాత్రి డైనమో దీపం లేకుండా తొక్కినవారిని పోలీసులు ఆపడం, పురపాలక సంఘాలు సైకిల్‌కు పన్ను కట్టించుకొని రేకు బిళ్ళ ఇవ్వడం ఆ కాలపు పెద్దలకు బాగా గుర్తున్న సంగతులు. ఒక వస్తువు మీద పన్ను వేశారంటే అది అప్పటికి ఎన్ని ఇళ్ళకు చేరి ఉంటుందో ఊహించుకోవచ్చు.

మిల్లు కంటే పెద్ద కథ సింగరేణిది. ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు జాడ కనిపెట్టినా, ఉత్తర తెలంగాణలో గనులు విస్తరించింది ఇరవయ్యవ శతాబ్దంలోనే. 1920ల చివర్లో బెల్లంపల్లి, 1960ల మొదట్లో రామగుండం, ఇంకా మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి ప్రాంతాలు ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. గని పని మూడు షిఫ్టుల్లో నడుస్తుంది. రాత్రి షిఫ్టుకు దిగేవాడికీ, తెల్లవారకముందే మస్టర్ (హాజరు) పడవలసినవాడికీ ఆర్టీసీ బస్సు పనికి రాదు. కాలనీ ఒక చోట, బాయి మరొక చోట. సొంత ఊరు వదలని కార్మికుడికి ఆ దూరం ఇంకా ఎక్కువ. అందుకే బాయి దగ్గర సైకిల్ స్టాండు, మస్టర్ ఆఫీసు ఎంత అవసరమో అంత అవసరమైంది. బొగ్గు దుమ్ముతో, అలసటతో పైకి వచ్చిన మనిషి ఇంటికి చేరడానికి మళ్ళీ అంత దూరం తొక్కాలి. ఈ శ్రమ ఏ వేతన ఒప్పందంలోనూ పని గంటల కింద లెక్కకు రాలేదు. 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉంది. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్ కాస్టులు, అంటే పైనుంచే తవ్వే గనులు, వచ్చాయి, మనుషులు చేసిన పని యంత్రాలకు పోయింది, మిగిలిన పనుల్లో చాలా భాగం కాంట్రాక్టు చేతికి వెళ్ళింది. పర్మినెంట్ కార్మికుడు మోటార్ సైకిల్‌కు మారిపోయాడు. సైకిల్ కాంట్రాక్టు కార్మికుడి దగ్గర ఎక్కువ కాలం నిలిచింది. ఒకే గేటు ముందు ఆగిన బండ్లను చూసి ఎవరి జీతం ఎంతో పోల్చుకోగలిగిన రోజులు అవి.

మిల్లుకూ బాయికీ సైకిల్ మనిషిని మాత్రమే మోసింది. పల్లె వృత్తుల్లో అది సరుకును కూడా మోసింది, ఆ బరువే వృత్తిని నిలబెట్టింది. కల్లుగీతను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. తాటిచెట్టును గీత కార్మికుడు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి గీయాలి. ఒక పూట మానితే గీత ఎండి చెట్టు పట్టు తప్పుతుంది. వనం ఊరికి దూరం, చెట్లు ఒకదానికొకటి దూరం. చెట్టెక్కే మోకు, ముస్తాదు (పనిముట్ల సరంజామా), గీత కత్తి తీసుకొని రోజుకు రెండుసార్లు వనానికి పోయి రావాలి. దింపిన కల్లు పులిసిపోకముందే కల్లు అమ్మే మండువకో, ఇంటింటికో చేరాలి. నడిచి ఇవన్నీ చేయగలిగినవాడు ఎక్కే చెట్ల కంటే సైకిల్ ఉన్నవాడు ఎక్కే చెట్లు ఎక్కువ. అంటే గౌడన్నకు సైకిల్ ప్రయాణ సాధనం మాత్రమే కాదు, రాబడిని పెంచే పనిముట్టు. క్యారియర్‌కు అటూ ఇటూ లొట్లు (కల్లు కుండలు) కట్టుకోవడానికి చేయించిన ఇనుప చట్రం, బరువుకు వంగకుండా ముందు ఫోర్కుకు అదనంగా వేయించిన సపోర్టు, అన్నీ ఆ అవసరం నుంచి ఊరి వెల్డింగ్ దుకాణాల్లో పుట్టినవే.

పాలవాళ్ళదీ అదే తీరు. హన్మకొండ ఇళ్ళలో పొద్దుటి చాయ్ వేళకు పాలు అందాలంటే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చీకటితోనే క్యాన్లు బయలుదేరాలి. చేపలు, కూరగాయలు, ఐస్, బట్టలు అమ్ముకునేవారు, కత్తులకు సాన పట్టేవారు, పాత ఇనుము కొనేవారు కూడా సైకిల్ మీదనే ఊరూరా తిరిగారు. వీరికి పనిచోటు అంటూ వేరే లేదు, దారే పనిచోటు. అందువల్ల ఇంటి నుంచి పనికి ఎంత దూరం అన్న ప్రశ్న వీరి బతుకుకు సరిపోదు.

రైతు సైకిల్ గురించి మాట్లాడినవారు తక్కువ. చెరువులు ఎండి, బావులూ బోర్లూ పెరిగిన కొద్దీ ఉత్తర తెలంగాణ సేద్యం కరెంటు మోటారుకు కట్టుబడింది. త్రీఫేజ్ కరెంటు విడతలు విడతలుగా, చాలాసార్లు రాత్రి పూట వచ్చేది. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు బాయికాడికి పోయి మోటారు వేయాలి. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతితో హ్యాండిల్ పట్టుకొని అర్ధరాత్రి కాలిబాటల మీద సైకిల్ తొక్కిన రైతులు పాముకాటుకు గురయ్యారు, తడి చేతులతో స్టార్టర్ ముట్టుకొని ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైన తర్వాత ఆ రాత్రి ప్రయాణాలు బాగా తగ్గాయి. రోజుకు పలుసార్లు సాగిన ఈ పోకడ జనగణన పట్టికలో ఒక్క గడిలోనూ కనిపించదు. నా దృష్టిలో ఇది అన్నిటికంటే పెద్ద లోటు.

పనికి సైకిల్ మీదనే ఆధారపడే పరిస్థితి మారడం 1980లలో మొదలై, 2000 తర్వాత వేగం అందుకుంది. మార్పు కూడా వృత్తి వృత్తికీ వేరుగా వచ్చింది. బరువు మోసే పనుల్లోకి ముందుగా మోపెడ్ వచ్చింది. ముందు కాళ్ళ దగ్గర చోటు, వెనుక వెడల్పు సీటు ఉన్న టీవీఎస్ ఎక్సెల్ కల్లు లొట్లనూ పాల క్యాన్లనూ చేపల గంపలనూ సైకిల్ నుంచి తీసుకుంది. వాయిదాల మీద మోటార్ సైకిళ్ళు దొరకడంతో స్థిరమైన జీతం ఉన్నవారు వాటికి మారారు. వ్యవసాయ కూలీలు గుంపులుగా ఆటోలూ ట్రాలీలూ ఎక్కసాగారు, మిర్చి ఏరడానికి పోయే ఆడవాళ్ళ బండ్లు ఇప్పుడు ఏ ఊరి నుంచైనా కనిపిస్తాయి. దేశవ్యాప్తంగా 2001 నుంచి 2011 మధ్య సైకిల్ ఉన్న కుటుంబాలు నూటికి 43.7 నుంచి 44.8కి మాత్రమే పెరగగా, మోటారు ద్విచక్ర వాహనం ఉన్న కుటుంబాలు 11.7 నుంచి 21కి పెరిగాయి. ఇంట్లో సైకిల్ ఉండడం వేరు, దాని మీద పనికి పోవడం వేరు. చాలా ఇళ్ళలో సైకిల్ తండ్రి చేతి నుంచి బడికి పోయే పిల్లల చేతికి మారింది. ఆజం జాహీ మిల్లు 1974లో జాతీయ జౌళి సంస్థ కిందికి పోయి, తర్వాత పూర్తిగా చరిత్రలో కలిసింది. ఆ గేటు ముందు నిలిచిన సైకిళ్ళ యజమానులు చాలామంది కాపలా పనులకూ, హోటళ్ళకూ, రోజు కూలికీ చెదిరిపోయారు.

ఇప్పటికీ సైకిల్ వదలనివారు ఎవరో తెలుసుకోవాలంటే వేళ కాని వేళ రోడ్డు మీద నిలబడాలి. వరంగల్‌లోని లేబర్ కాలనీ, కాశిబుగ్గ దారుల్లో పొద్దున్నే ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ వైపు సాగే హమాలీలు, దడ్వాయిలు (తూకం వేసేవారు) కనిపిస్తారు. పత్తి, మిర్చి పోటెత్తే నెలల్లో వారికి పని, వారి కూలి బస్తాల లెక్క మీద. సుతారి అడ్డాల దగ్గర తాపీ, రసమట్టం ఉన్న సంచిని హ్యాండిల్‌కు తగిలించుకొని పిలుపు కోసం ఎదురుచూసేవారు కనిపిస్తారు. పని ఈ రోజు నయీంనగర్‌లో దొరకవచ్చు, రేపు హంటర్ రోడ్డులో దొరకవచ్చు, అసలు దొరకకపోవచ్చు. ఆటో ఖర్చు పెట్టుకొని పని దొరకకుండా తిరిగి రావడం కంటే సైకిల్ వారికి మేలు. రాత్రి డ్యూటీ దిగిన ఏటీఎం కాపలాదారులు, ఆసుపత్రుల వార్డు బాయ్‌లు, తెల్లవారకముందే చీపుర్లతో బయలుదేరే పారిశుద్ధ్య కార్మికులు, పేపర్ వేసే పిల్లలు కూడా ఈ వరుసలోనివారే. వీరిలో యాభై దాటినవారు ఎక్కువగా కనిపిస్తారు. పెట్రోలు ఖర్చు మిగలడం ఒక కారణమైతే, బండి నేర్చుకొనే వయసులో బండి కొనే స్తోమత లేకపోవడం మరో కారణం.

ఈ వరుసలో ఆడవాళ్ళు దాదాపు లేరు. బడికి పోయే వయసులో సైకిల్ తొక్కిన ఆడపిల్లలు పనికి పోయే వయసు వచ్చేసరికి నడకకో, షేర్ ఆటోకో మారిపోతున్నారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు ఇంట్లోనే పని చేస్తారు కాబట్టి ప్రయాణం లేదనిపిస్తుంది, కాని ఆకూ తంబాకూ తెచ్చుకోవడానికి, చుట్టిన కట్టలు ఇచ్చి రావడానికి వారు కార్ఖానాకు నడిచే దూరాన్ని కూడా ఎవరూ కొలవలేదు.

కాబట్టి నగరంలో సైకిల్ దారి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న వచ్చినప్పుడు లెక్క తీయవలసిన చోట్లు మార్కెట్ గేటు, సుతారి అడ్డా, ఆసుపత్రుల వెనుక గేట్లు, పారిశుద్ధ్య సిబ్బంది మస్టర్ పాయింట్లు. లెక్క తీయవలసిన వేళ తెల్లవారుజాము నాలుగు నుంచి ఏడు, మళ్ళీ రాత్రి తొమ్మిది తర్వాత. రంగు వేసిన గీత కంటే ముందు వారికి కావలసినది ఆ వేళల్లో వెలిగే వీధి దీపం, ఎనుమాముల మార్కెట్ దగ్గర నీడ ఉన్న స్టాండు, దారిలో తెరిచి ఉండే పంక్చర్ దుకాణం.