పిన్ని ఉంగరంలో నీళ్లు: ఒపల్ రాయి ఎక్కడి నుంచి వచ్చింది?

విజయవాడ వన్‌టౌన్‌లో కొన్న ఒపల్ ఉంగరం మా పిన్ని వేలికెక్కి నెల కూడా కాలేదు. ఒకరోజు బియ్యం కడిగి, గిన్నెలు తోమి చూసుకుంటే రాయిలో రంగుల్లేవు. ఉత్త గాజుపెంకులా ఉంది. "మోసం చేశాడ్రా" అంటూ షాపుకు బయల్దేరబోతే ఆగమన్నాను. రెండు రోజులు గూట్లో పెడితే పాలతెలుపు, అందులోని ఎరుపు, ఆకుపచ్చ మెరుపులు తిరిగొచ్చాయి. అంచున పసుపు మరక మాత్రం ఉండిపోయింది. షాపువాడు నకిలీ రాయి ఇవ్వలేదు. అది ఏ దేశపు రాయో, నీళ్లు తగిలితే ఏమవుతుందో చెప్పలేదు, అంతే.

నవరత్నాల్లో ఒపల్ లేదు. శుక్రుడికి వజ్రం చెబుతారు. అంత డబ్బు పెట్టలేనివాళ్లకు ఉపరత్నంగా ఒపల్ పెట్టుకోమంటారు. కృష్ణ ఒడ్డున ఒకప్పుడు కొల్లూరు వజ్రపు గనులుండే ప్రాంతంలో వజ్రానికి బదులు ఇంకో రాయి వెతుక్కోవడం నాకైతే తమాషాగానే ఉంటుంది. అయినా దీని పేరు మాత్రం మనకు పరాయిది కాదు. సంస్కృతంలో రాయిని 'ఉపల' అంటారు. ఒపల్ అన్న మాటకు మూలం అదేనని చాలామంది చెబుతారు.

వజ్రం పుట్టేది భూమి లోపల 150 కిలోమీటర్ల లోతున. ఒపల్ అలా కాదు, పైపొరల్లోనే, నీళ్లతో తయారవుతుంది. రాళ్లు శిథిలమైనప్పుడు వాటిలోని సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) నీటిలో కరిగి కిందికి ఇంకుతుంది. పగుళ్లలో, బొరియల్లో నిలిచి, నీరు తగ్గేకొద్దీ జిగురులా చిక్కబడి గట్టిపడుతుంది. నీరు పూర్తిగా పోదు. మంచి ఒపల్ బరువులో సుమారు 6 నుంచి 10 శాతం నీరే.

రంగుల రహస్యం 1964లో బయటపడింది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే లోపలంతా సిలికా గుండ్లు. బీసెంట్ రోడ్డులో బండిమీద బత్తాయిలు పేర్చినట్టు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒక్కో గుండు 150 నుంచి 300 నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షలో వంతు ఒక నానోమీటరు). వరసల మధ్య సందుల్లో కాంతి విడిపోయి రంగులు పుడతాయి. గుండ్లు చిన్నవైతే నీలం, పెద్దవైతే ఎరుపు కూడా. సైజులు కలగాపులగమైతే ఏ రంగూ లేని మామూలు ఒపల్ మిగులుతుంది.

యూరప్‌కు చాలాకాలం ఒపల్ వచ్చింది ఇప్పటి స్లొవాకియాలోని అగ్నిపర్వత శిలల నుంచి. 19వ శతాబ్దం చివర్లో ఆస్ట్రేలియా రంగంలోకి దిగింది. ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున సుమారు 10 కోట్ల ఏళ్ల కింద పేరుకున్న ఇసుకరాయి, బంకమట్టి పొరల్లో అక్కడ ఒపల్ దొరుకుతుంది. అక్కడి కూబర్ పెడీలో 1915లో దాన్ని చూసింది తండ్రితో బంగారం కోసం వచ్చిన 14 ఏళ్ల కుర్రాడు. గవ్వలు, ఎముకలు కూడా ఒపల్‌గా మారి దొరుకుతాయి.

2008లో ఇథియోపియాలోని వెగెల్ టెనా దగ్గర అగ్నిపర్వత బూడిద గట్టిపడిన శిలల్లో కొత్త నిల్వలు బయటపడ్డాయి. దీంతో తక్కువ ధరకే రంగుల రాళ్లు మార్కెట్లోకి వచ్చాయి. చిక్కేమిటంటే వీటిలో చాలావాటికి సన్నటి రంధ్రాలుంటాయి. నీళ్లు పీల్చుకుని గాజులా మారతాయి, ఆరితే మామూలవుతాయి. నూనె, పసుపు లోపలికి వెళ్తే అంత తేలిగ్గా రావు. పిన్ని రాయిదీ ఇదే సంగతి.

మన కొండల్లో దొరకదా అని అడిగేవాళ్లున్నారు. ఇంద్రకీలాద్రి ఖోండలైట్ రాయి. భూమి లోతుల్లో విపరీతమైన వేడికి, ఒత్తిడికి మారి ఏర్పడింది. అంత వేడిలో ఒపల్ నిలవదు. నీరు పోగొట్టుకుని క్వార్ట్జ్‌గా, అంటే పలుగురాయిగా మారిపోతుంది. వేడంటే మన ఎండలు కూడా దానికి కొంచెం గండమే. ఒక్కసారిగా ఆరితే సన్నటి పగుళ్లు రావచ్చు.

కొనేటప్పుడు ఏ దేశానిదో, మొత్తం ఒకే రాయా, పల్చటి ఒపల్ పలకను అతికించిందా అని అడగండి. అతికించిందైతే నీటిలో నానితే జిగురు ఊడొచ్చు.

పిన్ని ఇప్పుడు వంటకు ముందు ఉంగరం తీసి దేవుడి గూట్లో పెడుతోంది. మరక పోలేదు. ఎవరైనా అడిగితే "పూజలో పసుపులే" అంటోంది.