కలివికోడి కనబడలేదంటే లేనట్టేనా?

అడవిలో పని అనగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న: "పులిని ఎంత దగ్గర నుంచి చూశారు?" వన్యప్రాణుల మీద పరిశోధన అంటే పులి ఎదురుగా కెమెరా పట్టుకుని నిలబడడం అన్నది తొలి అపోహ. నేను ఎక్కువగా చూసేది మట్టిలో అడుగులు, ఎండిన పెంటికలు, ఆ తర్వాత నెలల తరబడి కంప్యూటర్ తెర. ఏ జీవి ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, ఎందుకు లేదు అన్నదే నా పని.

అపోహ: వెదికితే కనబడలేదు కాబట్టి అక్కడ లేదు.

ఈ మాట మీద నాకు కొంచెం కోపం ఎక్కువే. కలివికోడి సంగతే చూడండి. జెర్డాన్ అనే బ్రిటిష్ ప్రకృతి శాస్త్రవేత్త కనిపెట్టగా 1848లో బ్లైత్ వర్ణించిన ఈ పిట్ట 1900 తర్వాత శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. అన్నేళ్లూ అది అక్కడే ఉంది. రాత్రి తిరిగే పిట్టను పగలు వెదికితే ఏం కనబడుతుంది?

దీన్ని వెదకడానికి వాడిన ఉపాయాల్లో నాకు ఇష్టమైనది మట్టి పట్టీ. పొదల మధ్య ఖాళీలో మెత్తటి మట్టిని సన్నటి పట్టీగా పరిచి, సాయంత్రం చదును చేసి వస్తాం. తెల్లవారి వెళ్తే రాత్రి నడిచినవాళ్ల సంతకాలన్నీ ఉంటాయి. కలివికోడికి వెనక వేలు లేదు, మూడు వేళ్ల గుర్తే పడుతుంది. తీతువు అడుగు చూసి ఎగిరి గంతేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, అందుకే ఇప్పుడు కొలత తీయనిదే నోరు విప్పను.

ఇక లెక్క. పిట్ట ఉన్న చోటికే వెళ్లినా ఒక్కో రాత్రి దాని జాడ దొరికే అవకాశం అయిదింట ఒకటే అనుకుందాం. అయిదు రాత్రులు చూసినా మొత్తానికి జాడ తెలియకుండా పోయే అవకాశం దాదాపు 33 శాతం! ఒకే చోటికి మళ్లీ మళ్లీ ఎందుకు వెళ్తారని అడిగేవారికి ఇదే జవాబు.

అపోహ: కనిపెట్టేది శాస్త్రవేత్తలు, ఊరివాళ్లు దారి చూపిస్తారంతే.

1986లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు వెదుకుతుంటే, రాత్రిపూట ఆ పిట్టను చేత్తో పట్టి తెచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. ఇంగ్లిషు పేరు మాత్రం జెర్డాన్‌దే మిగిలింది. తెలుగు పేరైతే ఉండే చోటుతో సహా చెబుతుంది, కలివి పొదల్లో కోడి అని.

అపోహ: చెట్లు నాటితే వన్యప్రాణులను కాపాడినట్టే.

కలివికోడికి దట్టమైన అడవి పనికిరాదు. రెండు మీటర్లు దాటిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 వరకు ఉన్న చోట్లే దాని అడుగులు ఎక్కువగా పడ్డాయి. మన రికార్డుల్లో 'బంజరు' అని రాసే నేల అదే. అక్కడ గుంతలు తవ్వి వరసగా మొక్కలు పెడితే పిట్టకు ఇల్లు పోయినట్టే. మేకలను పూర్తిగా వెళ్లగొట్టాలనేవారితోనూ నాకు పేచీ ఉంది. మేత మితిమీరితే పొదలు పోతాయి, మేత అసలే లేకపోతే పొదల మధ్య ఖాళీలు మూసుకుపోతాయి.

అపోహ: పులుల లెక్క పాదముద్రలతో తేలుతుంది.

ఆ కాలం పోయింది. రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంలో 2004 పాదముద్రల లెక్క ప్రకారం పులులున్నాయి, 2005లో చూస్తే ఒక్కటీ లేదు. ఇప్పుడు చారలే గుర్తింపు. కుడి పక్క చారలు, ఎడమ పక్క చారలు వేరు కాబట్టి బాటకు రెండు వైపులా ఎదురెదురుగా కెమెరాలు కడతాం.

పటంలో రంగు పూసిన చోటల్లా ఆ జంతువు ఉంటుందన్నదీ అపోహే. చాలా పటాల్లో జంతువు కనబడ్డ చోట్లు చూపే చుక్కలు రోడ్ల వెంటే గుమిగూడతాయి, ఎందుకంటే మనం వెళ్లేది రోడ్ల మీదే.

సూర్యాస్తమయం తర్వాత కలివికోడి కూత కోసం కూర్చునే కొత్త విద్యార్థులు నోటుపుస్తకంలో 'పిట్ట లేదు' అని రాస్తే నేను కొట్టేసి 'వినబడలేదు' అని రాయిస్తాను. పక్కన గాలి ఎలా ఉంది, వెన్నెల ఉందా, ఎన్ని నిమిషాలు విన్నారు అన్న మూడు గడులూ నింపాకే జీపు ఎక్కనిస్తాను.