పురిటిబిడ్డ ఆకుపచ్చగా కక్కితే

పాలు తాగిన పసిబిడ్డ కాస్త తెల్లగా కక్కడం మామూలే. ఆకుపచ్చగా కక్కితే మాత్రం సంగతి వేరు. ఆ రంగు పైత్యరసానిది. కిందికి దిగాల్సిన రసం పైకి తన్నుతోందంటే పేగులో అడ్డు ఉందేమోనని వెంటనే అనుమానించాలి. దిష్టి తీసి, వాము నీళ్లు పట్టి, తెల్లారేదాకా చూద్దామనుకునే వేళ కాదది.

డౌన్ సిండ్రోమ్ (ఒక క్రోమోజోమ్ అదనంగా ఉండటం వల్ల పుట్టుకతో వచ్చే స్థితి) ఉన్న పిల్లల్లో ఈ అడ్డు చాలా ఎక్కువ. జీర్ణాశయం దాటగానే ఉండే ఆంత్రమూలం మూసుకుపోయి పుట్టిన ముగ్గురిలో దాదాపు ఒకరికి డౌన్ సిండ్రోమ్ ఉంటుంది. పిండానికి ఐదారు వారాలప్పుడు లోపలి కణాలు పెరిగి ఆ గొట్టం పూడుకుపోతుంది, కొన్ని వారాల్లో మళ్లీ తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే ఈ అడ్డు మిగులుతుందని 1900లో టాండ్లర్ అనే శాస్త్రవేత్త వివరించాడు. తల్లి తిన్నదానికీ గ్రహణానికీ సంబంధమే లేదు. దారి మూసుకుంటే బిడ్డ మింగే ఉమ్మనీరు ముందుకు సాగదు. అందుకే స్కానింగులో ఉమ్మనీరు మరీ ఎక్కువుందంటే, కాన్పు ఎక్కడ చేయించుకోవాలో డాక్టరును ముందే అడగాలి.

చాలామంది మోసపోయేది కడుపు చూసి. ఉబ్బలేదు, నల్లటి మలం కూడా కాస్త వచ్చింది, ఇంకేం భయమని ధీమాపడతారు. అడ్డు అంత పైన ఉంటే కడుపు ఉబ్బకపోవచ్చు, మలమూ రావచ్చు. ఎక్స్‌రేలో పైన రెండు గాలిబుడగలు కనిపిస్తాయి. పెద్దది జీర్ణాశయం, చిన్నది ఆంత్రమూలం. పూర్తిగా మూసుకుపోతే కింద గాలి జాడే ఉండదు.

పేగు కదలక అడ్డులా కనిపించే మరో జబ్బు హిర్ష్‌స్ప్రంగ్. అందులో దారి తెరిచే ఉంటుంది, కానీ పేగు చివరి భాగంలో నాడీకణాలుండవు. 48 గంటలైనా మలం రాక కడుపు ఉబ్బుతుంది. అప్పుడు తమలపాకు కాడ పెట్టి చూడటం వద్దు.

ములుగు నుంచో భూపాలపల్లి నుంచో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి బయల్దేరేముందు పాలు ఆపి, ముక్కు గుండా జీర్ణాశయంలోకి ట్యూబు వేయించి, సెలైన్ పెట్టించాలి. బిడ్డను వెచ్చగా ఉంచాలి. ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు ఉంటే వెంట తీసుకెళ్లాలి.

‘డౌన్ పిల్లే కదా, ఆపరేషన్ ఎందుకు’ అనే మాట నాకు భరించరానిది. 1982లో అమెరికాలోని ఇండియానాలో అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన డౌన్ బిడ్డకు తల్లిదండ్రులు ఆపరేషన్ వద్దన్నారు. ఆరు రోజులకే ఆ బిడ్డ చనిపోయాడు. ఆంత్రమూలం ఆపరేషన్‌లో అడ్డుకు పైనా కిందా ఉన్న పేగును కలిపి కుడతారు. మంచి వసతులున్నచోట నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారు. డౌన్ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండె లోపం ఉంటుంది కాబట్టి ముందు ఎకో (గుండె స్కానింగు) తీస్తారు. పేగు పాలను ఒప్పుకోవడానికి రోజులు పడుతుంది. అప్పటిదాకా తల్లి పాలు పిండుతూనే ఉండాలి, లేకపోతే తగ్గిపోతాయి.