సుంకం కట్టేది ఎవరు? విదేశీ వాణిజ్యంపై కొన్ని అపోహలు, వాస్తవాలు

ఎగుమతి, దిగుమతి పత్రాలతోనే నా ఉద్యోగం. ఇద్దరు విదేశాంగ మంత్రులు చేతులు కలిపిన ఫోటో పేపర్లో పడగానే "ఇక మీకు పండగేగా" అంటారు తెలిసినవాళ్లు. చాలాసార్లు ఆ ఫోటో వల్ల నా బల్ల మీద ఒక్క కాగితం కూడా మారదు. ఏ ఫోటో లేకుండా రాత్రికి రాత్రి వచ్చిన నోటిఫికేషన్ మాత్రం, అప్పటికే సముద్రం మీదున్న సరుకు లెక్కంతా తారుమారు చేస్తుంది.

అపోహ: మనం సుంకం వేస్తే అవతలి దేశం కడుతుంది.

కట్టేది దిగుమతిదారు. సరుకు రేవుకు చేరాక కస్టమ్స్‌లో పత్రాలు దాఖలు చేసి, సొంత దేశపు ఖజానాకే జమ చేస్తాడు. 2018లో అమెరికా ఉక్కు మీద 25 శాతం, అల్యూమినియం మీద 10 శాతం సుంకం వేసినప్పుడు ఆ సొమ్ము చెల్లించింది అక్కడి దిగుమతిదారులే. ఆ తర్వాత నడిచేది బేరం. అమ్మేవాడు ధర తగ్గించి కొంత మోస్తాడా, కొనేవాడు లాభం తగ్గించుకుంటాడా, చివరికి వినియోగదారు మీదే పడుతుందా అన్నది సరుకును బట్టి ఉంటుంది. వేరే చోట దొరికే సరుకైతే కొనేవాడిది పైచేయి, దొరకనిదైతే అమ్మేవాడిది. అవతలి దేశానికి దెబ్బ తగలదని కాదు. అది తగ్గిన ఆర్డర్ల రూపంలో, కాస్త ఆలస్యంగా తగులుతుంది.

అపోహ: స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కుదిరింది కాబట్టి ఇక సుంకం ఉండదు.

నా పనిగంటల్లో సగం తినేసేది ఈ అపోహే. ఒప్పందం ఇచ్చే రాయితీ ఆ దేశం నుంచి వచ్చిన ప్రతి సరుకుకూ వర్తించదు, ఆ దేశంలో "పుట్టిన" సరుకుకే వర్తిస్తుంది. ఆ పుట్టుకను తేల్చడమే తలనొప్పి. చొక్కా ఒక దేశంలో కుట్టారు, బట్ట ఇంకో దేశంలో నేశారు, నూలు మూడో దేశంలో వడికారు. మరి చొక్కా ఎవరిది? ఒక్కో ఒప్పందం ఒక్కో జవాబు చెబుతుంది. 2020 జూలై 1న అమల్లోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలో కార్లకు సుంకం మినహాయింపు దక్కాలంటే విలువలో 75 శాతం ఆ మూడు దేశాల్లోనే తయారవ్వాలి. అంతకుముందు ఆ మూడు దేశాల మధ్య ఉన్న నాఫ్టా ఒప్పందంలో అది 62.5 శాతం. మంత్రులు నెలల తరబడి కొట్లాడుకునేది ఇలాంటి అంకెల గురించే.

అంతా సరిగ్గా ఉన్నా ఒక్క అంకె ముంచేయగలదు. ప్రపంచ కస్టమ్స్ సంస్థ ప్రతి రకం సరుకుకూ, అదేమిటో గుర్తించే ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్ ఇచ్చింది. ఒకసారి నేను చూసిన సరుకుకు ఇన్‌వాయిస్ మీద ఒక కోడ్, మూలదేశ ధ్రువపత్రం మీద ఇంకో కోడ్ పడ్డాయి. రాయితీ పోయింది, పూర్తి సుంకం కట్టాం. తప్పు నాదే, రెండోసారి సరిచూసుకోలేదు. అసలు సుంకమే రెండు మూడు శాతం ఉన్నచోట చాలామంది చిన్న వ్యాపారులు ఈ రాయితీ జోలికే పోరు. పత్రాల ఖర్చుకే అది సరిపోతుంది.

అపోహ: "అత్యంత అనుకూల దేశం" హోదా అంటే ప్రత్యేక ప్రేమ.

పేరు చూసి మోసపోకండి. అందరికీ వేసే సుంకమే నీకూ వేస్తామన్న హామీ అది, అంతే. ఈ గందరగోళం పడలేక అమెరికా 1998లో తన చట్టాల్లో దాన్ని "సాధారణ వాణిజ్య సంబంధాలు" అని మార్చుకుంది.

అపోహ: స్నేహం ఉంటేనే వ్యాపారం, వ్యాపారం ఉంటే యుద్ధం రాదు.

రెండు ముక్కలూ తప్పే. తైవాన్‌ను దేశంగా గుర్తించినవి చాలా కొద్ది, కానీ 2002 నుంచి అది ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్యురాలు. అక్కడ సభ్యత్వానికి దేశమే కానక్కర్లేదు, సొంత సుంకాలు వేసుకునే ప్రత్యేక కస్టమ్స్ ప్రాంతంగా ఉన్నా చాలు. ఇక యుద్ధం సంగతి: 1914కు ముందు బ్రిటన్, జర్మనీ ఒకరికొకరు పెద్ద గిరాకీలు. 2022లో యుద్ధం మొదలయ్యాక కూడా రష్యా గ్యాస్ ఉక్రెయిన్ పైపుల గుండా యూరప్‌కు ప్రవహిస్తూనే వచ్చింది. బాంబులకు ఆగని ఆ గ్యాస్, 2019లో కుదిరిన అయిదేళ్ల రవాణా ఒప్పందం గడువు తీరడంతో 2025 జనవరి 1న ఆగింది.

అపోహ: తగాదా వస్తే ప్రపంచ వాణిజ్య సంస్థ తేల్చేస్తుంది.

తీర్పు వస్తుంది. ఓడిన దేశం అప్పీలుకు వెళ్తే మాత్రం, అప్పీలు మండలి సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో 2019 డిసెంబరు నుంచి అప్పీళ్లు వినేవాళ్లు లేరు, తీర్పు అక్కడే ఆగిపోతుంది. మా వాళ్లు దీన్ని "శూన్యంలోకి అప్పీలు" అంటారు.

అపోహ: ఆంక్షలంటే నౌకాదళం వెళ్లి ఓడలు ఆపడం.

ఎక్కువగా ఆపేది బ్యాంకు గుమాస్తా, బీమా కంపెనీ. 2022 డిసెంబరులో జీ7 దేశాలు రష్యా ముడిచమురుకు బ్యారెల్ 60 డాలర్ల పరిమితి పెట్టినప్పుడు ఒక్క ఓడనూ అడ్డగించలేదు. అంతకన్నా ఎక్కువ ధరకు అమ్మిన చమురు మోసే ఓడకు తమ కంపెనీలు బీమా చేయకూడదన్నాయి. బీమా లేని ఓడను చాలా రేవులు రానివ్వవు మరి. దాన్ని తప్పించుకోవడానికి, యజమాని ఎవరో తెలియని పాత ట్యాంకర్లు సముద్రాల మీదికి వచ్చాయి.

ఆహారం, మందులకు సాధారణంగా ఆంక్షల నుంచి మినహాయింపు ఉంటుంది. అయినా జరిమానా భయంతో చాలా బ్యాంకులు ఆ లావాదేవీలను ముట్టుకోవు. అనుమతిపత్రం చేతిలో ఉంటుంది, సరుకు గోదాంలో ఉంటుంది, కొనేవాడి దగ్గర డబ్బూ ఉంటుంది. ఆ డబ్బును ఇటు దాటించే బ్యాంకు కోసం వెతుకుతూ వారాలు గడుస్తాయి.