వంట మార్చుకునే ముందు

ప్రియమైన పిల్లలకు,

ఆశీస్సులు. ఈ మధ్య మీ ఫోన్లన్నీ ఒకే దారిలో నడుస్తున్నాయి. హాస్టల్ వదిలి గది తీసుకున్నవాడు "అమ్మమ్మా, చింతపండు అయిపోయింది, నిమ్మకాయ పిండేయొచ్చా?" అంటాడు. టొరంటోలో ఉన్నది "ఇక్కడి చలికి ఇడ్లీపిండి పులవట్లేదు" అంటుంది. కొత్తగా కాపురం పెట్టినది "ఆయన మన కారం తినలేకపోతున్నారు, ఏం చేయను?" అంటుంది. ఎవరికి వాళ్లకు చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే అవసరమైనప్పుడు తీసి చూసుకుంటారని కూర్చున్నాను.

ముందు మీ మనసులో ఉన్న ఒక జంకు పోవాలి. నేను చెప్పిన దాంట్లో ఒక్కటి మారిస్తే అది మన ఇంటి వంట కాకుండా పోతుందని మీకు టెన్షన్. అదేమీ లేదు. మన వంట మారుతూ వచ్చిందే. మిరపకాయ మన మొక్క కాదు. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్ తీరానికి చేరారు, ఆ తరువాతి వందేళ్లలో అమెరికా ఖండపు మిరప మన దేశంలో పాతుకుంది. టమాటా, బంగాళాదుంప, మన చట్నీలోకి వేసే వేరుశనగ కూడా ఆ ఖండానివే. అంతకు ముందు మన వంటలో ఘాటు అంటే ఎక్కువగా మిరియాలే. చాలా ఇళ్లలో తద్దినం రోజున ఇప్పటికీ మిరపకాయ, టమాటా ముట్టుకోకుండా మిరియాలతో వండుతారు కదా, మిరపకాయ రాకముందు మనవాళ్ల వంట ఎలా ఉండేదో కాస్తయినా ఆ పూట తెలుస్తుంది. ఒకప్పుడు ఎవరో ఒక ఇల్లాలు మిరియం తీసి మిరపకాయ వేసి చూసింది కాబట్టే ఇవాళ మనం గుంటూరు కారం గురించి గొప్పగా చెప్పుకుంటున్నాం. ఆవిడకు ఉన్న హక్కు మీకూ ఉంది.

అయితే ఆవిడ ఊరికే మార్చలేదు. మిరియం చేసే పని మిరపకాయ కూడా చేస్తుందని చూసుకుంది. నేను మీకు చెప్పదలచుకున్నది ఇదే. గిన్నెలో వేసే ప్రతి దినుసుకూ ఒక పని ఉంటుంది, కొన్నిటికి రెండు మూడు పనులుంటాయి. ఏదైనా తీసేసే ముందు అది అక్కడ ఏం చేస్తోందో కనుక్కోండి. ఆ పని ఇంకోటి చేయగలిగితే ధైర్యంగా మార్చండి.

పులుపుతో మొదలుపెడతాను, మన వంటకు ప్రాణం అదే. చింతపండు, మామిడికాయ, గోంగూర, చుక్కకూర, చింతచిగురు, నిమ్మకాయ, ఉసిరికాయ, టమాటా, పెరుగు, అన్నీ పులుపే. అలాగని ఒకదాని చోట ఒకటి కళ్లు మూసుకుని వేయకండి. చింతపండు ఎంతసేపు మరిగితే అంత రుచి. పులుసు చిక్కబడేది కూడా దాని గుజ్జుతోనే. నిమ్మరసం మరిగితే చేదెక్కుతుంది, వాసన పోతుంది. అందుకని నిమ్మకాయతో చారు చేయాలంటే స్టవ్ ఆపాక పిండు. నిమ్మకాయ పులిహోరకయితే అన్నం వేడి తగ్గాక కలుపు. ఇంకో తేడా కూడా ఉంది. చింతపండు పులిహోర ప్రయాణాలకు కట్టుకెళ్లేది ఎందుకంటే గుజ్జును నూనెలో నీరంతా ఇగిరేదాకా ఉడికిస్తాం, ఉప్పు, పులుపు, నూనె కలిసి దాన్ని కాపాడతాయి. నిమ్మకాయ పులిహోరలో ఆ ఉడికించడమే లేదు, చేసిన పూటే తినేయాలి. రైలుకు కట్టుకునేటప్పుడు ఇది మరిచిపోకు నాయనా.

పులుపుకు ఒక దుర్గుణం ఉంది, పప్పును ఉడకనివ్వదు. కందిపప్పు మెత్తబడకముందే పులుపు తగిలిందా, గింజ బిగుసుకుపోయి ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుపలుకుగానే ఉంటుంది. మామిడికాయ, గోంగూర, చుక్కకూర ఏదైనా సరే, వేరే గిన్నెలో ఉడికించి, పప్పు మెత్తబడ్డాక కలిపి రెండు ఉడుకులు రానివ్వండి. కందిపప్పు పాతదయితే ఇంకా మొండికేస్తుంది, దాన్ని రెండు గంటలు నానబెట్టండి. పెసరపప్పుకు ఈ బాధ తక్కువ, తొందరగా ఉడుకుతుంది కూడా. గదిలో చిన్న కుక్కర్, తక్కువ తీరిక ఉన్నవాడికి నా సలహా పెసరపప్పే.

టొరంటో తల్లీ, అక్కడ గోంగూర దొరకలేదని దిగులు పడకు. చలికాలం మొదట్లో తాజా క్రాన్‌బెర్రీలు వస్తాయి. అక్కడి తెలుగువాళ్లు వాటితో పప్పు, పచ్చడి చేస్తున్నారని నువ్వే చెప్పావు. మంచి ఆలోచన. వాటికి పులుపుతో పాటు వగరు, కొంచెం చేదు ఉంటాయి కాబట్టి చిటికెడు బెల్లం వెయ్యి, మెంతులు తగ్గించు. మామిడికాయ పులిహోరకు ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ఆపిల్ తురిమి వేయొచ్చు, కానీ దానికి తీపి ఎక్కువ, మామిడికాయంత పులుపు లేదు, అరచెక్క నిమ్మరసం తోడు కావాలి. రూబార్బ్ అని పుల్లటి కాడల మొక్క ఒకటుంది, ఆ కాడలతో పప్పు బాగుంటుంది. దాని ఆకు మాత్రం విషం. కాడలే వాడు, ఆకు ముక్క కూడా గిన్నెలో పడకూడదు. తెలియని దేశంలో తెలియని కూరాకు ఏది కొన్నా అందులో ఏ భాగం తినొచ్చో ముందు తెలుసుకోవాలి.

ఇక ఇడ్లీ. ఇందులో మినపప్పు చేసే పని చాలామందికి తెలియదు. పిండిలో సూక్ష్మజీవులు గాలి బుడగలు పుట్టిస్తాయి, ఆ గాలిని బయటికి పోకుండా పట్టి ఉంచేది మినపప్పు జిగురు. అందుకే పప్పు తగ్గిస్తే ఇడ్లీ గట్టిపడుతుంది. ఇడ్లీరవ్వ పని వేరు, అది ఒళ్లు మాత్రమే. కాబట్టి షుగర్ ఉన్నవాళ్లకనో, ఇష్టమనో మార్చాలనుకుంటే రవ్వను మార్చండి. ఒక గ్లాసు మినపప్పుకు రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ మన కొలత. అందులో సగమో, మొత్తమో జొన్నరవ్వ, కొర్రరవ్వ వేసుకోవచ్చు, కాస్త ఎక్కువసేపు నాననివ్వండి. మినపప్పు మాత్రం ముట్టుకోకండి. చలిదేశంలో పిండి పులవకపోవడానికి కారణం వేడి చాలకపోవడమే. విజయవాడ ఎండల్లో ఆరేడు గంటల్లో గిన్నె దాటి పొంగే పిండికి అక్కడ పదిహేను గంటలైనా పట్టొచ్చు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు ఒక్కటి వేసి, పిండి గిన్నె అందులో పెట్టు. ఉప్పు పులియడాన్ని నెమ్మది చేస్తుంది కాబట్టి నువ్వు పిండి పొంగిన తరువాతే ఉప్పు కలుపు. మాకిక్కడ మే నెలలో దానికి తలకిందులు, మేం ముందే వేసేస్తాం.

కారం సంగతి. మిరపకాయకు మూడు పనులు: మంట, రంగు, చిక్కదనం. కొత్త పెళ్లికూతురా, నువ్వు కారం సగానికి సగం తగ్గిస్తే మంటతో పాటు రంగూ, చిక్కదనమూ పోయి పులుసు నీళ్లనీళ్లుగా వస్తోంది, అంతే. పరిమాణం తగ్గించకు, మిరపకాయ మార్చు. వరంగల్ చపాటా, కర్ణాటక బ్యాడిగి మిరపకాయలకు రంగు ఎక్కువ, మంట తక్కువ. మన గుంటూరు సన్నాలతో సగం సగం కలిపి పట్టించుకో. పచ్చిమిర్చిలో మంట ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, గింజలు అంటుకుని ఉండే లోపలి తెల్లటి నారలో. చీల్చి అది తీసేస్తే వాసన ఉంటుంది, మంట తగ్గుతుంది. కారం నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది, అందుకే ముద్దలో నెయ్యి పడితే నోరు చల్లబడుతుంది. మీ కరీంనగర్ అత్త పచ్చిపులుసులో వేయించిన నువ్వులపొడి కలుపుతుంది చూశావా, రుచికి రుచి, కారం కూడా కమ్మగా తగులుతుంది. మన వైపు ఆ అలవాటు లేదు. నేను నేర్చుకున్నాను, నువ్వూ నేర్చుకో.

ఉప్పు దగ్గర మాత్రం కాస్త ఆగండి. కూరలో, పప్పులో ఉప్పు రుచి కోసమే, ఎంతైనా తగ్గించుకోవచ్చు. తాతయ్యకు బీపీ వచ్చినప్పటి నుంచి మన ఇంట్లో ఉప్పు తగ్గించి, దించాక నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతున్నాం. పులుపు తోడుంటే ఉప్పు తక్కువైనట్టు నాలుకకు తెలియదు. బజారులో దొరికే లో సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అది వాడకూడదు.

ఆవకాయలో అదే ఉప్పుకు ఇంకో పని ఉంది, ముక్కను కుళ్లకుండా కాపాడటం. "ఆరోగ్యానికి మంచిదని ఉప్పు సగమే వేశాను అమ్మమ్మా" అని గర్వంగా చెప్పకండి, ఆ జాడీ బూజు పడుతుంది. ఆవకాయలో కారం తగ్గించొచ్చు, ఆవపిండి కాస్త అటూ ఇటూ చేయొచ్చు, వెల్లుల్లి మానేయొచ్చు, నువ్వులనూనె బదులు రాయలసీమవాళ్లలా వేరుశనగ నూనె పోయొచ్చు. ఉప్పు తగ్గించకూడదు, పైన నూనె తేలకుండా ఉంచకూడదు, తడి చెంచా పెట్టకూడదు. ఉప్పు తక్కువే కావాలనుకుంటే కొద్దిగా కలుపుకుని ఫ్రిజ్‌లో పెట్టి, పది రోజుల్లో తినేయండి. అది కూడా బాగుంటుంది, నిలవ పచ్చడి అనుకోకపోతే చాలు. ఇంకొక మాట. కల్లుప్పుతో చెప్పిన కొలతకు ప్యాకెట్ మెత్తటి ఉప్పు వేస్తే చెంచాలో ఎక్కువ ఉప్పు పడుతుంది. రకం మారినప్పుడు గ్లాసుతో కొలవకుండా తూకం వేసుకోండి, తూకంలో రెండూ ఒకటే.

నేను "నిమ్మకాయంత చింతపండు, తగినంత ఉప్పు" అంటే మీకు విసుగొస్తుందని నాకు తెలుసు. చింతపండు కొత్తదయితే ఒక తీరు, ఏడాది నిలవున్న నల్లటిది ఇంకో తీరు. బియ్యం కూడా అంతే, కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ, పాత బియ్యానికి ఎక్కువ. గ్రాముల్లో రాసిచ్చినా మీ వంటింట్లో ఉన్న సరుకు నా సరుకు కాదు, చివరికి నాలుకతోనే చూసుకోవాలి. కాబట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఒకసారికి ఒక్కటే మార్చండి. చింతపండూ, నూనే, మిరపకాయా ఒకేసారి మార్చి వంట కుదరకపోతే తప్పు ఎందులో ఉందో ఎలా తెలుస్తుంది? ఏ కంపెనీ కారమో, ఎన్ని చెంచాలో, తిన్నవాళ్లు ఏమన్నారో ఒక ముక్క రాసుకోండి.

ఇంట్లోకి స్నేహితులు వస్తున్నారంటే వాళ్లకు పడనివేమిటో ముందే అడగండి. వేరుశనగ పడనివాళ్లుంటే చట్నీకి పుట్నాలు, కొబ్బరి వాడండి. పల్లీలు రుబ్బిన మిక్సీ జార్‌ను బాగా కడిగిన తరువాతే అందులో వేయండి, ఇందులో మొహమాటం పనికిరాదు. గోధుమ పడనివాళ్లకు ఇంగువ దగ్గర జాగ్రత్త. మనం కొనే పొడి ఇంగువలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు, డబ్బా మీద చదవండి.

పంచదార మానేసి పరమాన్నంలో బెల్లం వేస్తున్నామని ఇద్దరు చెప్పారు, పాలు విరిగిపోతున్నాయనీ ఇద్దరూ చెప్పారు. బెల్లానికి కొంచెం పులుపు గుణం ఉంటుంది, మరిగే పాలలో పడితే విరుస్తుంది. అన్నం పాలలో మెత్తగా ఉడికాక స్టవ్ ఆపి, కాస్త చల్లారనిచ్చి, విడిగా కరిగించి వడకట్టిన బెల్లం కలపండి. ఆ తరువాత మళ్లీ పొయ్యి మీద పెట్టకండి.

చివరగా సంక్రాంతి అరిసెల గురించి అడిగారు, ప్యాకెట్ బియ్యప్పిండితో చేయొచ్చా అని. చేయకండి. తడిపిండిలో ఉన్న తేమే అరిసెను మెత్తగా ఉంచేది, పొడిపిండికి పాకం పోస్తే గట్టిపడి చెక్కలా అవుతుంది. బియ్యం ఒక రోజు నానబెట్టి, మధ్యలో నీళ్లు మార్చి, వడకట్టి, తడి ఆరకముందే మిక్సీలో పట్టి జల్లించండి. జల్లించిన పిండి ఆరిపోకుండా గిన్నెలో అదిమి మూత పెట్టండి. బెల్లం పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండ ఎంత మెత్తగా ఉండాలో మాత్రం రాతలో చెప్పలేను. పాకం పట్టే రోజు వీడియో కాల్ చేసి ఫోన్ స్టవ్ పక్కన నిలబెట్టండి, మీకు రాత్రయితే మాకు పగలే.

మీ అమ్మమ్మ