సూది, ఇష్టం, బలవంతం: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సుని. 2021లో మా దగ్గరికి కోవిడ్ టీకాకి వచ్చిన పారిశుద్ధ్య కార్మికుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లే. తమిళం ధారాళంగా వచ్చినా, భయం మాత్రం నాతో తెలుగులోనే చెప్పుకునేవారు.

అపోహ: మహమ్మారి మీద పడ్డాక ఒక్కొక్కరి ఇష్టాయిష్టాలు అడుగుతూ కూర్చుంటే పని జరగదు.

ఈ మాట ఎక్కువగా చదువుకున్నవాళ్ల నోటే విన్నాను. ఒక మధ్యాహ్నం ఒకామె భుజం మీద కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది, చెయ్యి ఇవ్వదు. "వేయించుకోకపోతే రేపట్నుంచి పనిలోకి రావద్దని మేస్త్రీ అన్నాడు సిస్టరమ్మా" అంది. నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడింది: ఆమెకి షుగర్ ఉంది, సూది పడితే ఎక్కడ పడిపోతానోనని దిగులు. షుగర్ ఉన్నవాళ్లకి కోవిడ్ వస్తే ముదిరే ప్రమాదం ఎక్కువ, అందుకే వాళ్లకి టీకా మరీ అవసరం అని చెప్పాను. ఆ రోజు వేయించుకోకుండానే వెళ్లిపోయింది. వారం తిరక్కుండా తనంతట తనే వచ్చింది. రెండో డోసుకీ వచ్చింది. మేస్త్రీకి జడిసి వేయించుకున్నవాళ్లలో కొందరు రెండోసారి కనబడలేదు.

వాస్తవం: టీకా తప్పనిసరి చేయడాన్ని సవాలు చేసిన జాకబ్ పులియెల్ కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. మన శరీరం మీద మన హక్కు రాజ్యాంగం 21వ అధికరణ కిందికే వస్తుంది. చాలామంది వదిలేసే రెండో సగం కూడా ఆ తీర్పులో ఉంది: ప్రజారోగ్యం కోసం ప్రభుత్వం ఆంక్షలు పెట్టవచ్చు, అయితే అవి ముప్పుకి తగినంతే ఉండాలి.

అపోహ: దుష్ప్రభావాల గురించి చెబితే ఉన్నవాళ్లు కూడా లేచి వెళ్లిపోతారు.

2021 ఏప్రిల్ 15న తమిళ హాస్యనటుడు వివేక్ ఈ ఊళ్లోనే అందరి ముందూ టీకా వేయించుకున్నారు. మర్నాడు గుండెపోటు, 17న మరణం. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పారు. టీకాకి సంబంధం లేదని జాతీయ కమిటీ తేల్చేసరికి నెలలు గడిచాయి. అప్పటిదాకా అడిగినవాళ్లకి ఏం చెప్పాలి? "డాక్టర్లు ఇలా అంటున్నారు, విచారణ ఇంకా జరుగుతోంది" అని చెప్పేదాన్ని. అది విని లేచి వెళ్లినవాళ్లు తక్కువే. కసిరితేనే వెళ్లిపోయేవారు.

వాస్తవం: కోవిషీల్డ్ టీకా తర్వాత రక్తం గడ్డకట్టిన అనుమానిత కేసులు పది లక్షల డోసులకి 0.61 అని 2021 మేలో కేంద్రమే ప్రకటించింది. ఈ లెక్క చెప్పి, విపరీతమైన తలనొప్పి, ఆయాసం, కాలి వాపు వస్తే వెంటనే రండి అని చెప్పడం అప్పట్లో నా పనిలో భాగం. దాచిపెడితే, ఆ ఒక్కరికి నిజంగా వచ్చిన రోజున ఎక్కడికి పరిగెత్తాలో తెలియదు.

అపోహ: ఆన్‌లైన్‌లో ముందు స్లాట్ బుక్ చేసుకున్నవాళ్లకి ముందు వేయడమే న్యాయం.

స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి ఆ వరస ఎక్కడ మొదలవుతుంది? కోవిషీల్డ్ వయల్‌లో (మందు సీసాలో) పది డోసులు ఉండేవి, మూత తీశాక నాలుగు గంటల్లో వాడెయ్యాల్సి వచ్చేది. సాయంత్రం రెండు మూడు మిగిలేవి. పక్క వీధుల్లో బుక్ చేసుకోవడం చేతకాని పెద్దవాళ్ల నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకుని, ముందు వాళ్లకే ఫోన్ చేసేదాన్ని. ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా డెస్కులోనే ఉంది.